వరస తెలియని వల

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలో బస్సెక్కి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారనుకోండి. ఆయన అడిగే మొదటి ప్రశ్న మీ పేరు కాదు. "యా ఊరు నాయనా మీది?" అంటాడు. తర్వాత "ఎవురి కొడుకువి?" ఆ తర్వాత "మీ జేజిది యా ఊరు?" బస్సు శిరివెళ్ళ దాటేలోపు లెక్క తేలిపోతుంది. "అట్లయితే మీ జేజి నాకు మేనత్త వరస. మీ నాయన నాకు బావ. నువ్వు అల్లుడివి అయితావు."

మన భాషలో చెప్పాలంటే ఇది గ్రాఫులో దారి వెతకడం. మూడు ప్రశ్నల్లో దారి దొరకడమే కాదు, దొరికిన దారికి ఒక పేరు కూడా వచ్చింది: అల్లుడు. ఆ పేరుతో పాటు మీతో ఎలా మాట్లాడాలి, ఎంత ఆటపట్టించచ్చు, ఏ విషయం మీ ముందు ఎత్తకూడదు అన్నవన్నీ ఆయనకి తెలిసిపోయాయి. ఇదే పని చెయ్యడానికి 1997లో వచ్చిన సిక్స్ డిగ్రీస్ సైటు నుంచి ఇప్పటిదాకా ఎన్ని కంపెనీలు ఎన్ని సర్వర్లు పెట్టాయో లెక్కలేదు. అయినా చాలావరకు "ఫ్రెండ్" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఇంటర్నెట్ కన్నా చాలా వెనక్కి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో లూయిస్ హెన్రీ మోర్గాన్ అని ఒక వకీలు ఉండేవాడు. పొరుగునే ఉండే సెనెకా తెగవాళ్ళు తండ్రి అన్నదమ్ములని కూడా తండ్రి అనే పిలవడం ఆయనకి వింతగా తోచింది. మిగతా ప్రపంచంలో ఎలా పిలుస్తారో చూద్దామని ప్రశ్నల పట్టికలు తయారుచేసి దేశదేశాలకి పంపాడు. జవాబులన్నీ కలిపి 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ పెద్ద పుస్తకంగా వేసింది. అందులో తమిళం, కన్నడంతో పాటు మన తెలుగు వరసలు కూడా ఉన్నాయి! మన పద్ధతి సెనెకా వాళ్ళ పద్ధతితో బాగా కలిసింది. దాన్ని బట్టి వాళ్ళు ఆసియా నుంచే వెళ్ళారని ఆయన తేల్చేశాడు. పిలుపులు కలిసినంత మాత్రాన అలా తేల్చడాన్ని తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. కానీ ఆ పట్టికలు మాత్రం నిలిచాయి. 1981లో థామస్ ట్రౌట్‌మన్ ద్రావిడ బంధుత్వాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

మోర్గాన్‌కి వింతగా తోచినది మనకి రోజూ ఉండేదే. పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది. మేనత్త కూతురు వదినో మరదలో అవుతుంది. మొదటావిడ తోబుట్టువు కిందే లెక్క, రెండో ఆవిడతో పెళ్ళి మాటలు నడవచ్చు. ఇంగ్లీషులో ఇద్దరూ "కజిన్". ఫేస్‌బుక్ కుటుంబ సభ్యుల్ని చేర్చుకోమని జాబితా ఇచ్చినప్పుడు అందులో పెట్టిందీ అదే. చిన్నాన్నా, మేనమామా ఇద్దరూ "అంకుల్" డబ్బాలో పడాల్సిందే. తోడల్లుడికీ, వియ్యంకుడికీ, తోడికోడలికీ అసలు డబ్బానే లేదు. మన ఇళ్ళల్లో వియ్యంకుడికి చోటు లేకపోవడమంటే మాటలా చెప్పండి :)

ఇందులో ఇంజనీర్లు గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, వరస అనేది మనిషికి అంటించిన లేబుల్ కాదు, ఇద్దరి మధ్య గీత మీద రాసిన పేరు. ఒకే మనిషి నాకు మామ, మా నాన్నకి బావమరిది, ఇంకొకరికి చిన్నాయన. రెండోది, ఆ గీతకి దిక్కుంది. నేను ఆయన్ని మామ అంటాను, ఆయన నన్ను అల్లుడు అంటాడు. హక్కులు, బాధ్యతలు రెండు వైపులా ఒకటి కావు. "ఎ, బి ఫ్రెండ్స్" అని ఒక వరుస డేటాబేసులో రాసుకున్న రోజే ఇవి రెండూ పోయాయి.

రక్తసంబంధం లేకపోతే వరస ఉండదా అంటే, ఉంటుంది. దాన్నే వరస కలుపుకోవడం అంటాం. మా వైపు పల్లెల్లో హిందువులూ ముస్లిములూ ఒకరినొకరు మామా, చిన్నాయనా, అక్కా అని పిలుచుకోవడం మామూలే. అది ఊరి వరస. ఎవరూ రిక్వెస్టు పంపలేదు, ఎవరూ యాక్సెప్ట్ నొక్కలేదు. పిలిచీ పిలిచీ అలా స్థిరపడింది.

అలా స్థిరపడిన గీతని నిలబెట్టుకోవడానికి పని చెయ్యాలి. దానికి రెండు మంచి ఉదాహరణలు ఉన్నాయి. ఒకటి పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం. ఊరు, పేరు, ఎంత చదివించారు, అంతే. కానీ ఏ ఇంట్లోనైనా పాత పుస్తకం తీసి చూడండి, ఆ ఇంటి సోషల్ నెట్‌వర్క్ మొత్తం అందులో తేదీతో సహా ఉంటుంది. రేపు వాళ్ళింట్లో శుభకార్యం అయితే ముందు ఆ పుస్తకమే తీస్తారు. బంధానికి దిక్కు, బరువు, కాలం మూడూ రాసిపెట్టిన రికార్డు అది.

రెండోది ఆళ్ళగడ్డ పక్కన అహోబిలంలో జరిగే పారువేట. సంక్రాంతి తర్వాత స్వామి పల్లకీ బయల్దేరి నలభై రోజులకి పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి చెంచులకి ఆయన ఇంటి అల్లుడు. తన పెళ్ళికి, అంటే బ్రహ్మోత్సవాలకి, అందరినీ రమ్మని స్వామే స్వయంగా ఊరూరా వచ్చి పిలుస్తాడని జనం చెప్పుకుంటారు. దేవుడంతటివాడు కూడా కబురు పంపి ఊరుకోలేదన్నమాట. గడప దాకా వచ్చి పిలిస్తేనే పిలుపు. వాట్సాప్‌లో శుభలేఖ ఫోటో పెట్టేసి "ఇదే పర్సనల్ ఇన్విటేషన్‌గా భావించండి" అంటే మన పెద్దవాళ్ళు ఎందుకు మూతి ముడుస్తారో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. పిలుపు విలువ అందులో ఉన్న సమాచారంలో లేదు, పడ్డ శ్రమలో ఉంది.

ఇక కంప్యూటర్ల వైపు వద్దాం. బంధాల్ని నెట్‌వర్క్ అనడం కూడా కంప్యూటర్లతో మొదలవలేదు. జె.ఎ. బార్న్స్ అనే ఆయన నార్వేలో బ్రెమ్నెస్ అనే దీవి సమాజాన్ని పరిశీలించి 1954లో ఆ మాటని శాస్త్రంలోకి తెచ్చాడు. అక్కడి జనానికి నివాసం ఒక వ్యవస్థ, చేపల వేట ఇంకో వ్యవస్థ, స్నేహాలూ చుట్టరికాలూ మూడోది. మనిషి ఒక్కడే, సందర్భాలు మూడు. ఇది మొదటి పాఠంలోనే ఉందన్నమాట.

వెబ్ కట్టినవాళ్ళకి ఇది తెలియదని కాదు. లైవ్‌జర్నల్ 1999లో మొదలైంది, అందులో స్నేహితుల్ని గుంపులుగా విడదీసి ఎవరికి ఏది కనిపించాలో చెప్పుకునే వీలు వచ్చింది. 2003లో ఎక్స్‌ఎఫ్‌ఎన్ అనే చిన్న ప్రమాణం వచ్చింది, లింకు ఇస్తూనే "ఇతను సహోద్యోగి", "ఈమె పొరుగు" అని రాసుకోవచ్చు. 2004లో వచ్చిన ఫ్లికర్ స్నేహితులూ, కుటుంబమూ, మిగతావాళ్ళూ అని మూడు డబ్బాలు ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఆర్కుట్‌లో పరిచయం, స్నేహం, ప్రాణస్నేహం అని మెట్లు ఉండేవి. కానీ అదే ఆర్కుట్‌లో మొదట్లో ఎవరి స్క్రాపుబుక్ ఎవరైనా చదవచ్చు! ఉత్తరాలన్నీ వీధి గోడ మీద అంటించినట్టు. 2014 సెప్టెంబర్ 30న అది మూతపడింది.

ఈ గోడ ఖరీదు ఏమిటో 2010లో బాగా బయటపడింది. ఫిబ్రవరిలో గూగుల్ బజ్ వచ్చింది. మీరు ఎవరికి ఎక్కువ మెయిళ్ళు రాస్తారో చూసి వాళ్ళని మీ నెట్‌వర్క్‌గా తనే తయారుచేసింది, ఆ జాబితా నలుగురికీ కనిపించేలా పెట్టింది. వేలమంది ఫిర్యాదు చేశారు. ఆ జాబితాల్లో మాజీ భర్తలు, మాజీ భార్యలు, డాక్టర్ల పేషెంట్లు, ఉద్యోగాలిచ్చినవాళ్ళు ఉన్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పింది. 2011లో గూగుల్ రాజీకి వచ్చింది, 20 ఏళ్ళపాటు గోప్యత ఆడిట్లు చేయించుకోవడానికి ఒప్పుకుంది. ఎక్కువ మెయిళ్ళు రాసుకున్నవాళ్ళు దగ్గరివాళ్ళు అనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు. విడాకుల కేసులో కూడా మెయిళ్ళు ఎక్కువే నడుస్తాయి కదా.

అదే 2010 జులైలో, అప్పట్లో గూగుల్‌లో పనిచేస్తున్న పాల్ ఆడమ్స్ ఒక ప్రెజెంటేషన్ పెట్టాడు. చిన్నపిల్లలకి ఈత నేర్పే ఒక టీచరు ఉంది. వేరే ఊళ్ళో గే బార్‌లో పనిచేసే స్నేహితుల ఫోటోల మీద ఆమె కామెంట్లు రాసింది, ఆ ఫోటోలన్నీ తన దగ్గర ఈత నేర్చుకునే పదేళ్ళ పిల్లలకి కూడా కనిపించాయి. ఆమె చేసిన తప్పేమీ లేదు. రెండు గదుల మధ్య గోడ ఉందనుకుంది, అంతే. ఇక్కడ మన అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలా? హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆళ్ళగడ్డ అమ్మాయి టీమ్ పార్టీ ఫోటోలో ట్యాగ్ అయితే, ఆదివారానికల్లా చిన్నాయన దగ్గర్నుంచి ఇంటికి ఫోను వస్తుంది. కొందరికి అక్కడితో చదువు, ఉద్యోగం ప్రశ్నార్థకమవుతాయి. చాలామంది నేర్చుకున్న పాఠం ఒక్కటే, మాట్లాడకుండా ఉండటం.

ఈ సమస్యకి మందుగానే 2011 జూన్‌లో గూగుల్ ప్లస్ "సర్కిల్స్"తో వచ్చింది. మనుషుల్ని బొమ్మల్లా లాగి గుండ్రాల్లో పడెయ్యాలి. చూడ్డానికి భలే ఉండేది. 2018లో దాని మూసివేత ప్రకటిస్తూ, 90 శాతం సెషన్లు 5 సెకన్లు కూడా ఉండట్లేదని గూగులే చెప్పింది. 2019 ఏప్రిల్‌లో మామూలు వాడుకరులకి అది ఆగిపోయింది. దీనికి కారణాలు చాలా చెబుతారు. నాకు తోచినది ఇది: చుట్టాల్ని కూర్చుని వర్గీకరించడం ఎవరూ నిజజీవితంలో చెయ్యరు. పైగా నేను మిమ్మల్ని ఏ గుండ్రంలో వేశానో మీకు తెలియదు. అరుగు మీద కూర్చున్నప్పుడు నాకూ తెలుసు, మీకూ తెలుసు, పక్కన ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. ఆ ముగ్గురికీ తెలిసిన తెలివిడే సందర్భం అంటే. సర్కిల్స్‌లో లేనిది అదే.

వాట్సాప్ గుంపుల్లో ఉన్నది కూడా అదే. "చెల్లి పెళ్ళి పనులు" అని గుంపు పెడితే అందులో ఎవరున్నారో అందరికీ కనిపిస్తుంది, పని అయ్యాక గుంపు దానంతటదే సద్దుమణుగుతుంది. ఎవరూ వర్గీకరించలేదు, అవసరం వాళ్ళని చేర్చింది.

మరి నిజజీవితాన్ని అచ్చం అలాగే దింపేస్తే సరిపోతుందా? ఇక్కడే నాకు భయం. "ఎవురి కొడుకువి?" అన్న ప్రశ్న వెనక చాలాసార్లు "ఏం కులం?" అన్న ప్రశ్న దాక్కుని ఉంటుంది. బస్సులో పెద్దాయన వరస కలిపిన వేగంతోనే వరస కలవనివాణ్ణి పక్కన పెట్టగలడు. ఫ్యాక్షన్ చూసిన సీమలో ఎవడు ఎవడి మనిషో పక్కాగా తెలియడం అన్నిసార్లూ మంచికే రాలేదు. ఊరు వదిలి బెంగుళూరుకో హైదరాబాదుకో వచ్చిన చాలామందికి, ఎవరి కొడుకో ఎవరూ అడగకపోవడమే మొదటి స్వేచ్ఛ. కంపెనీ చేతిలో ఆ వరసల పట్టిక మొత్తం పెడితే అది పెళ్ళిపిలుపులకే వాడుతుందని నమ్మకమేమీ లేదు.

కాబట్టి నేను కోరేది వరసల జాబితా పెంచమని కాదు. గీత మీద పేరు పిలిచే ఇద్దరి దగ్గరే ఉండాలి, కంపెనీకి అక్కర్లేదు. మాట్లాడేముందు ఎవరు వింటున్నారో కనిపించాలి. వాడని బంధం మెల్లగా మసకబారాలి, పదేళ్ళ నాటి సహోద్యోగి ఇంకా నా వంటింట్లో కూర్చుని ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, "ఎవురి కొడుకువి?" అని అడిగినప్పుడు జవాబు చెప్పకుండా కిటికీ వైపు తిరిగి కూర్చునే వీలు ఉండాలి. బస్సులో ఆ వీలు ఎప్పుడూ ఉంది. పెద్దాయన కాసేపు చూసి, తనూ కళ్ళు మూసుకుని ఒక కునుకు తీస్తాడు. మనం రాసే కోడుకి ఆపాటి మర్యాద నేర్పలేమా?