కార్ల నక్షత్రాలు: 1997 నాటి రెండు కథలు

నక్షత్ర శబ్దానికి మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తులలో ఒకటి "న క్షరతి", అనగా నశించనిది అని. ముప్ఫై యేళ్ళకు పైగా బడిలో ఈ వ్యుత్పత్తిని వల్లె వేయించిన నేను, మోటారు కార్లకు కూడ నక్షత్రాలుంటాయనీ, అవి లోపల కూర్చున్న మనిషి నశించకుండ ఉండడానికి సంబంధించినవనీ తెలుసుకొన్నది ఉద్యోగ విరమణ తరువాతనే.

2016లో విరమణ వేళ చేతికందిన సొమ్ములో కొంత వెచ్చించి ఒక చిన్న కారు కొన్నాను. ఒకే కారులో నాలుగు తరగతులున్నాయి. ఎయిర్ బ్యాగులున్న తరగతికి వెల కొంత ఎక్కువ. "మాస్టారూ, మీరు నడిపేది ఊళ్ళోనే కదండీ, ఎయిర్ బ్యాగులెందుకు? ఆ డబ్బుతో మంచి మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు వస్తాయి" అన్నాడు దుకాణంలోని కుర్రవాడు. వ్యాకరణంలో తప్ప ఇతర విషయాలలో వాదించే అలవాటు లేనివాణ్ణి. సరేనన్నాను.

2018 వానకాలంలో సూర్యాపేట దాటి విజయవాడ వైపు పోతుండగా ఒక గేదె అకస్మాత్తుగా రోడ్డు మీదికి వచ్చింది. దానిని తప్పించబోయి స్టీరింగు ఒకమారు అటు, ఒకమారు ఇటు త్రిప్పాను. కారు ముందు భాగం నా మాట విన్నది గాని వెనుక భాగం వినలేదు. తడిసిన రోడ్డు మీద అర్ధచక్రం తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి నిలిచింది. ఆ క్షణాన వెనుక లారీ ఏదీ లేదు గనుక ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను. ప్రక్కన కూర్చున్న నా భార్య మాత్రం ఆ తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులలో మొదలయింది ఈ చరిత్ర మీద నాకు ఆసక్తి.

ముందుగా చెప్పవలసినదేమంటే, ఆ దుకాణపు కుర్రవాడి మాట అతని సొంతం కాదు. దానికి అమెరికాలో పెద్ద వంశవృక్షమే ఉంది. 1956 నమూనా కార్లకు ఫోర్డు సంస్థ సీటు బెల్టులు, మెత్త వేసిన డాష్‌బోర్డు వంటివి చేర్చి, భద్రతనే ప్రధానంగా ప్రచారం చేసింది. ఆ యేడు షెవ్రోలే కార్లు ఎక్కువగా అమ్ముడుపోయాయి. ఫోర్డులో ఆనాడు ఆ ప్రచారాన్ని నడిపిన రాబర్ట్ మెక్‌నమారా భద్రతను అమ్ముకొంటుంటే అవతలివారు కార్లు అమ్ముకొంటున్నారన్న ఎగతాళి మాట పుట్టింది. నిజానికి ఆ బెల్టులను అడిగి తీసుకొన్నవారు తక్కువేమీ కారు. అయినా "భద్రత అమ్ముడుపోదు" అన్న వాక్యం వేదవాక్యమై కూర్చున్నది. 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగిసే బెల్టును రూపొందించినా, ఆ సంస్థ ఇతరులు కూడ దానిని వాడుకోవచ్చునని చెప్పినా, లోకం మేలుకొనడానికి చాల కాలం పట్టింది. 1965లో రాల్ఫ్ నాడర్ అమెరికా కార్లను ఎండగడుతూ ఒక గ్రంథం వెలువరించాడు. జనరల్ మోటార్స్ సంస్థ అతని వెనుక గూఢచారులను నడిపి, మరుసటి యేడు సెనేటు ఎదుట క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ యేడే అక్కడ వాహన భద్రతా చట్టం వచ్చింది. చట్టం తయారీదారుని కట్టడి చేయగలదు. కాని కొనేవాడు దుకాణంలో నిలబడి రెండు కార్లను పోల్చి చూసుకొనడానికి చట్టం పనికిరాదు, ఎందుకంటే అమ్మకానికి వచ్చిన ప్రతి కారూ చట్టం దాటి వచ్చినదే.

ఆ పోల్చి చూసే కన్ను ఐరోపాలో తెరుచుకొన్నది 1997లో. అమెరికాలో ప్రభుత్వమే 1979 నుండి కార్లను గోడకు గుద్ది ఫలితాలు ప్రకటిస్తున్నది గాని, జనం నోట నానిన కథ ఐరోపాదే.

1997 ఫిబ్రవరిలో యూరో ఎన్‌క్యాప్ అనే సంస్థ మొదటి విడతగా ఏడు చిన్న కార్ల ఫలితాలు వెలువరించింది. చట్టం అడిగిన వేగం గంటకు 56 కిలోమీటర్లయితే వీరు 64తో గుద్దించారు. ఫోర్డు ఫియస్టా, వోక్స్‌వాగన్ పోలో కార్లకు మూడు నక్షత్రాలు వచ్చాయి. బ్రిటన్‌లో తయారైన రోవర్ 100కు ఒక్కటే వచ్చింది. అది 1980లో ఆస్టిన్ మెట్రోగా పుట్టి, పేర్లు మార్చుకొంటూ వచ్చిన పాత కారు. లోపలి కూర్చునే గది నలిగిపోయిన తీరును జనం కళ్ళారా చూశారు. అప్పటిదాక ఆ కారు చట్టబద్ధమైనదే, ఆనాడు కూడ చట్టబద్ధమైనదే. కాని కొనేవారు మొగం చాటు చేశారు. ఆ సంవత్సరాంతానికి దాని తయారీ నిలిచిపోయింది. కార్ల తయారీదారులు మాత్రం ఈ పరీక్ష మరీ కఠినమనీ, నాలుగు నక్షత్రాలు అసాధ్యమనీ మొరపెట్టుకొన్నారు. అదే యేడు జూలైలో వోల్వో ఎస్40కి నాలుగు వచ్చాయి. 2001లో రెనో లగూనాకు ఐదు. విద్యార్థులు ప్రశ్నపత్రం కఠినమని అరచిన తరువాత వెనుక బెంచీలోంచి ఒకడు నూటికి తొంభై తెచ్చుకొంటే మిగిలినవారి ముఖాలెలా ఉంటాయో నాకు బాగా తెలుసు.

ఇక రెండవ కథ. మెర్సిడెస్ సంస్థ ఆ యేడు ఎ-క్లాస్ అనే చిన్న కారును విపణిలోకి తెచ్చింది. ఎదుటి నుండి గుద్దుకొంటే ఇంజను లోపలివారి మీదికి రాకుండ నేల క్రిందికి జారిపోయేటట్లు అమర్చారు. గుద్దుకొన్నప్పటి రక్షణను అంతగా ఆలోచించిన కారు అది. అందుకోసమే దాని నేల ఎత్తయింది, కారూ ఎత్తయింది. 1997 అక్టోబరు 21న స్వీడన్ దేశపు టెక్నికెన్స్ వార్ల్డ్ పత్రికవారు ఆ కారును గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ, అడ్డువచ్చినదానిని తప్పించి మరల దారిలోకి వచ్చే పరీక్ష చేశారు. కారు పల్టీ కొట్టింది.

స్వీడన్ అడవుల్లో దుప్పి జాతికి చెందిన ఒక భారీ జంతువు ఉంటుంది. గుఱ్ఱాన్ని మించిన ఎత్తు. అది రోడ్డు మీదికి వస్తే తప్పించవలసిందే. అందువల్ల జర్మన్ పత్రికలు దీనికి దుప్పి పరీక్ష అన్న అర్థంలో పేరు పెట్టాయి. మన రోడ్ల మీద గేదె పరీక్ష అనవచ్చును. అందరూ నవ్వుకొనే తూర్పు జర్మనీ పాత కారు ట్రాబంట్ ఇదే పరీక్షలో చక్కగా నిలిచిందన్న వార్త పుండు మీద కారం చల్లింది. మెర్సిడెస్ మొదట తప్పు లేదన్నది. పిమ్మట దిగివచ్చి, అప్పటికి అమ్మిన 2,600 కార్లను వెనక్కు పిలిపించి, మూడు నెలలు అమ్మకం ఆపి, కారు క్రింది అమరికను సవరించి, ప్రతి ఎ-క్లాస్‌లోను ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అనే సాధనాన్ని చేర్చింది.

ఆ సాధనం అంతకు రెండేళ్ళ ముందు, 1995లో, బాష్ సంస్థలో అంటోన్ వాన్ జాంటెన్ బృందం కృషితో మెర్సిడెస్ వారి అతి ఖరీదైన ఎస్-క్లాస్ కార్లకు మాత్రమే వచ్చింది. దాని పని మన ఎద్దులబండి తోలేవానికి బాగా అర్థమవుతుంది. ఎడమకు తిరగవలసి వచ్చినపుడు దాపటి ఎద్దు పగ్గం బిగబట్టి వలపటి ఎద్దును అదిలిస్తాడు. బండి దానంతటదే తిరుగుతుంది. ఈ సాధనం చేసేదీ అటువంటిదే. స్టీరింగు ఎటు తిరిగిందో ఒక సూచిక చెబుతుంది, కారు నిజంగా తన చుట్టూ తాను ఎంత తిరుగుతున్నదో మరొకటి చెబుతుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే, నడిపేవాడు బ్రేకు త్రొక్కకపోయినా, నాలుగు చక్రాలలో కావలసిన ఒక్క చక్రానికి బ్రేకు పడుతుంది, ఇంజను జోరు తగ్గుతుంది. ముందు భాగం బయటికి జారిపోతుంటే లోపలి వైపు చక్రాన్ని, వెనుక భాగం జారి కారు తిరిగిపోతుంటే బయటి వైపు ముందు చక్రాన్ని పట్టుకొంటుంది. సూర్యాపేట దాటిన తరువాత నా కారుకు కావలసింది ఆ రెండవ పని. ఏ ఎద్దు పగ్గం లాగాలో నాకు తెలియదు, తెలిసినా నా చేతిలో ఉన్నది ఒకే పగ్గం.

ఈ కథలో నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించేదేమంటే, ధనవంతుని కారుకు పరిమితమైన రక్షణ సామాన్యుని కారుకు దిగివచ్చినది దయవల్ల కాదు, ఒక చిన్న కారు నలుగురి ముందు బోర్లాపడడం వల్ల. ఎ-క్లాస్ కొనేవానికి ఉచితంగా వచ్చినపుడు మిగిలిన కార్లవారిని జనం "మీ దాంట్లో ఎందుకు లేదు?" అని అడగసాగారు. అమెరికా 2007లో నిబంధన చేసి 2012 నమూనాల నుండి అన్ని చిన్న వాహనాలకు దానిని తప్పనిసరి చేసింది. ఐరోపాలో 2014 నవంబరు నుండి కొత్త కార్లన్నిటికీ వచ్చింది.

మన దేశానికి ఈ గాలి 2014 జనవరిలో సోకింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన మార్కెట్టులోని ఐదు చిన్న కార్ల కనిష్ఠ తరగతులను 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో. ఐదింటికీ సున్న. పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమైనా రాలేదు. ఇందులో పోలో కథ చూడండి. ఎయిర్ బ్యాగులున్న పోలోకు అదే పరీక్షలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. వోక్స్‌వాగన్ సంస్థ ఎయిర్ బ్యాగులు లేని పోలోను మన దేశంలో అమ్మడమే మానివేసింది. తక్కినవారిలో కొందరు ప్రభుత్వ నిబంధనలు పాటిస్తున్నాము, అది చాలునన్నారు. రోవర్ 100 కూడ నిబంధనలు పాటించినదే కదా! నేను కారు కొన్నది దీనికి రెండేళ్ళ తరువాత. పత్రికలలో వచ్చే ఉంటుంది, నేను సాహిత్యపు పేజీ మాత్రమే చదివే రోజులవి.

2018 డిసెంబరులో టాటా నెక్సన్‌కు ఐదు నక్షత్రాలు వచ్చాయి. మన దేశంలో తయారై అమ్ముడయ్యే కార్లలో అదే మొదటిది. ఆ తరువాత టాటా, మహీంద్రా ప్రకటనలలో నక్షత్రాలు మైలేజీ ప్రక్కన చోటు సంపాదించుకొన్నాయి. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ తన పద్ధతి మార్చి, పై శ్రేణి నక్షత్రాలకు స్థిరత్వ నియంత్రణ సాధనం కూడ ఉండాలన్నది. 2023 అక్టోబరు 1 నుండి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్‌ను ప్రారంభించింది. 2024 నవంబరులో మారుతి డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు వచ్చాయి. మారుతికి అదే తొలిసారి.

నక్షత్రాలను గ్రుడ్డిగా నమ్మరాదన్న మాట కూడ నిజమే. పరీక్ష మారినకొద్దీ లెక్క మారుతుంది, 2001 నాటి ఐదు వేరు, నేటి ఐదు వేరు. 2017లో యూరో ఎన్‌క్యాప్ ఇరవయ్యేళ్ళ పండుగ చేసుకొంటూ పాత రోవర్ 100ను, కొత్త హోండా జాజ్‌ను ఒకే పద్ధతిలో గుద్దించి ప్రక్క ప్రక్కన చూపించింది. ఆ చిత్రం చూసిన నాడు నా కారు వైపు కొంచెం సేపు చూస్తూ కూర్చున్నాను.

నిరుడు హైదరాబాదులో మా అమ్మాయి కారు కొనడానికి పోతూ నన్ను వెంట రమ్మన్నది. అక్కడి అబ్బాయి సన్‌రూఫ్ గురించి వర్ణన మొదలుపెట్టాడు. మా అమ్మాయి "కింది తరగతిలో స్టెబిలిటీ కంట్రోల్ ఉందా? నక్షత్రాలు ఏ తరగతికి ఇచ్చారు?" అని అడిగింది. అతడు లోపలికి వెళ్ళి, కాగితం తెచ్చి చూపించాడు. కింది తరగతిలోనే ఉన్నది, సన్‌రూఫ్ మాత్రం పై తరగతికే. అమ్మాయి కింది తరగతి చాలన్నది. ఎనిమిదేళ్ళ మా మనవడు ఆకాశం కనిపించని కారు తనకు వద్దని దారిపొడవునా అలిగే ఉన్నాడు.