పారిస్‌లో బిల్లు ఎందుకు రాలేదంటే...

పారిస్ సఫర్‌లో ఒక రెస్టారెంట్ నుంచి నేనూ మా బేగమూ గుస్సాతో బయటికొచ్చిన కథ ఇది. ఆ రాత్రి తప్పంతా వాళ్లదే అనుకున్నాను. తర్వాత తారీఖ్ పుస్తకాలు తిరగేస్తే సగానికి పైగా నాదేనని తేలింది. ఇన్నేళ్లు కాలేజీలో హిస్టరీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక దస్తర్‌ఖాన్ హిస్టరీ తెలియక బోల్తా పడ్డాను. మన పిల్లలు చదువులకని ఫ్రాన్స్ వెళ్తున్నారు, వాళ్లను చూడ్డానికి అమ్మీ అబ్బాలూ వెళ్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా బేటీ పారిస్‌లో చదువుతోంది. మేం వెళ్లిన రెండో రోజు తనకు సాయంత్రం దాకా క్లాసులు. "అబ్బా, మీరిద్దరూ బయట తినేయండి, చేప తీసుకోండి, సాస్‌లో వైన్ వేశారేమో మాత్రం అడగండి" అని చెప్పి వెళ్లింది. సరే అని యూనివర్సిటీ దగ్గరున్న ఒక చిన్న రెస్టారెంట్‌కు వెళ్లాం. తలుపు తీసుకుని లోపలికి పోయి, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఎవరినీ పలకరించలేదు. మన ఊళ్లో హోటల్‌కెళ్తే కౌంటర్లో ఉన్నాయనకు సలాం చెప్పి కూర్చుంటామా ఏమిటి? వెయిటర్ చాలాసేపటికి గానీ రాలేదు. నేను చెయ్యెత్తి "హలో, హలో" అన్నాను. ఆయన మొహం ముడుచుకుంది.

చేప బాగానే ఉంది. తిన్నాం, ప్లేట్లు తీసేశారు. ఇక బిల్లు కోసం కూర్చున్నాం. పది నిమిషాలు, ఇరవై, నలభై. వెయిటర్ మా ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నాడు, మా వైపు చూడ్డం లేదు. మా తర్వాత వచ్చిన ఒక తెల్లజంట బిల్లు కట్టేసి వెళ్లిపోయింది. మా బేగం తన హిజాబ్ అంచు సర్దుకుంటూ నెమ్మదిగా అంది: "మనల్ని చూసే ఇలా చేస్తున్నారేమో కదండీ." ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. లేచి కౌంటర్ దగ్గరకెళ్లి, డబ్బు కట్టి, ఇంగ్లీషులో రెండు కటువు మాటలు అనేసి వచ్చేశాను. వెయిటర్ నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయాడు.

రాత్రి బేటీకి చెప్పాం. అంతా విని ఒకే ప్రశ్న వేసింది: "అబ్బా, మీరు బిల్లు అడిగారా?"

అడగలేదు. "అడక్కుండా ఇక్కడ ఎవరూ తేరు. తెస్తే ఇక లేవండి అన్నట్టు. అది మెహమాన్‌ను తౌహీన్ చేయడం కింద లెక్క" అంది.

ఈ రివాజు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని మర్నాటి నుంచి పుస్తకాలు పట్టుకున్నాను. మొదట ఆశ్చర్యపరిచింది రెస్టారెంట్ అన్న మాటే. మొదట్లో అది హోటల్ పేరు కాదు, ఒక షోర్బా పేరు. ఫ్రెంచిలో రెస్టోరె అంటే పోయిన సత్తువను తిరిగి ఇవ్వడం. మాంసాన్ని గంటల తరబడి ఉడికించి తీసిన చిక్కటి రసాన్ని, నీరసంగా ఉన్నవాళ్లకు తాగించే రసాన్ని, రెస్టోరాఁ అనేవారు. అంటే మన యఖ్నీ! బుఖార్ వచ్చి లేచినవాళ్లకు మా నానీ గిన్నెలో పోసి ఇచ్చిన యఖ్నీ పేరే ఇవాళ లోకమంతా బోర్డుల మీద ఉందన్నమాట.

1760లలో పారిస్‌లో ఈ యఖ్నీ అమ్మే దుకాణాలు మొదలయ్యాయి. బూలాంజె అనే ఆయన 1765లో గొర్రె కాళ్లు తెల్ల సాస్‌లో వండి అమ్మాడని, వంటవాళ్ల సంఘం అతని మీద దావా వేస్తే అతనే గెలిచాడని చాలా పుస్తకాల్లో ఒక కథ ఉంది. పాయాతో మొదలైందంటే మనకూ ముచ్చటగానే ఉంటుంది. కానీ రెబెక్కా స్పాంగ్ అనే హిస్టోరియన్ పాత దస్తావేజులు వెతికి, ఈ కథకు సబూత్ లేదని రాశారు. ఆమె లెక్క ప్రకారం ఈ వ్యాపారానికి పునాది వేసింది మాతురాఁ రోజ్ ద షాంత్వాజో అనే వ్యక్తి, 1766 ప్రాంతంలో.

షోర్బా కన్నా ముఖ్యమైంది, దాన్ని తాగే పద్ధతి. అంతకుముందు పారిస్‌లో బయట తినాలంటే సరాయిల్లో, వంటవాళ్ల దుకాణాల్లో ఒకే పొడవాటి బల్ల ఉండేది. దాన్ని తాబ్ల్ దోత్ అనేవారు, అంటే మేజ్‌బాన్ బల్ల. వేళ ఒకటే, ధర ఒకటే. ఏం వండితే అది తినాలి. గిన్నెకు దగ్గరగా కూర్చున్న పాతకాపులకు మంచి ముక్కలు, చివర కూర్చున్న ముసాఫిర్‌కు మిగిలింది. కొత్తగా వచ్చిన రెస్టారెంట్ ఈ పద్ధతినే మార్చేసింది. నీకంటూ ఒక చిన్న బల్ల. నీకు వీలైన వేళ. చేతికి ఒక జాబితా, అందులో ధరలు. నీకు కావాల్సిందే అడుగు, తిన్నదానికే డబ్బివ్వు.

బల్ల చివర కూర్చునే ముసాఫిర్‌కు అది ఎంత ఇజ్జత్! తిన్నంతసేపూ ఆ చిన్న బల్ల నీ ఇల్లు. మా బిల్లు ఎందుకు రాలేదో ఇక్కడ అర్థమైంది. ఇంట్లో కూర్చున్నవాణ్ణి లేవమని ఎవరంటారు? ఇప్పటికీ అక్కడ చాలా రెస్టారెంట్లలో ఒక టేబుల్‌ను ఒక పూట ఒకరికే ఇచ్చినట్టు చూస్తారు. వెయిటర్ మాటిమాటికీ వచ్చి "ఇంకేం కావాలి సార్" అని అడగడు. అది లెక్కలేనితనం కాదు, మీ మాటల మధ్యకు రాకపోవడం అతని అదబ్.

1789 ఇన్‌క్విలాబ్ వల్లే రెస్టారెంట్లు పుట్టాయని చాలామంది అంటారు. అది పూర్తి నిజం కాదు. రాజు తమ్ముడి కొలువులో పనిచేసిన బోవిలియె అనే బావర్చి 1780లలోనే, ఇన్‌క్విలాబ్‌కు ముందే, పారిస్‌లో గొప్ప రెస్టారెంట్ తెరిచాడు. అయితే నవాబులు పారిపోయాక వాళ్ల బావర్చీలు కొందరు బజారుకొచ్చారు. 1791లో వృత్తి సంఘాల గుత్తాధిపత్యం రద్దయింది. ఎవరైనా ఏదైనా వండి అమ్ముకోవచ్చని తేలాక రెస్టారెంట్లు వేగంగా పెరిగాయి. నిన్నటి దాకా నవాబు అనుభవించిన ఖాతిర్‌దారీని, జేబులో డబ్బుంటే ఇవాళ ఎవరైనా కూర్చుని అడగవచ్చు.

అడిగే తీరుకు మాత్రం ఒక షరతు ఉంది. వెయిటర్‌ను పిలవడానికి పాత సినిమాల్లో గార్సోఁ అనడం వినే ఉంటారు. ఆ మాటకు అర్థం కుర్రాడు అని. మన ఇరానీ హోటళ్లలో నెరిసిన గడ్డం ఆయన్నీ "ఛోటూ" అని పిలిచినట్టే. ఇప్పుడలా పిలిస్తే మొరటుతనం. మస్యో అనో మదామ్ అనో అనాలి. లోపలికి అడుగుపెట్టగానే బోఁజూర్ అనాలి, సాయంత్రమైతే బోఁస్వార్. వాళ్లు చూపించిన చోట కూర్చోవాలి. మనం ఎవరింటికైనా వెళ్తే సలాం చెప్పకుండా దివాన్‌ఖానాలో కూర్చుంటామా? నేను చేసింది అదే. ఆ వెయిటర్ లెక్కలో సలాం చెప్పకుండా చొరబడి, చెయ్యూపి పిలిచిన మనిషిని నేను.

వడ్డన సంగతి కూడా వినండి. ఒకప్పుడు ఫ్రాన్స్‌లో గొప్పింటి దావత్ అంటే గిన్నెలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు, మన దస్తర్‌ఖాన్ లాగే. ఒకటి తర్వాత ఒకటి తెచ్చే పద్ధతి అక్కడ 19వ శతాబ్దంలో కుదురుకుంది. దానికి రష్యన్ వడ్డన అని పేరు, పారిస్‌లో ఉన్న రష్యన్ సఫీర్ కురాకిన్ దాన్ని తెచ్చాడని చెప్తారు. అందుకే అక్కడ భోజనానికి వరుస ఉంది: ముందు ఆఁత్రె, తర్వాత అసలు వంటకం, తర్వాత చీజ్ లేదా మీఠా. ఆఁత్రె అంటే ప్రవేశం. అమెరికాలో అదే మాటను అసలు వంటకానికి వాడతారు కాబట్టి అక్కణ్ణుంచి వచ్చిన మనవాళ్లు తికమకపడతారు. మెన్యూ అన్నా జాబితా కాదు, ఒకే ధరకు రెండు మూడు వంటకాలు కలిపిన భోజనం. జాబితా కావాలంటే కార్త్ అనాలి.

కాఫీ మీఠాతో పాటు రాదు, దాని తర్వాత వస్తుంది. ఆ కాఫీ వెనక కూడా మన ముస్లిం దునియా ఉంది. 1669లో ఉస్మానియా సుల్తాన్ సఫీర్ సులేమాన్ ఆగా పారిస్ వచ్చి, తన మజ్లిస్‌లో అక్కడి నవాబులకు, బేగంలకు కాఫీ పోసి మర్యాద చేశాడు. ఆ షౌక్ ఊరంతా పాకింది. 1686లో సిసిలీ నుంచి వచ్చిన ప్రొకోపియో తెరిచిన కాఫీఖానా ప్రొకోప్ పేరుతో ఇప్పటికీ ఉంది.

డబ్బు సంగతిలోనూ నేను ఖంగుతిన్నాను. నీళ్లకు సీసా అడిగి డబ్బు పోసుకున్నాను. కరాఫ్ దో అంటే కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా ఇస్తారు. 2022 నుంచి ఆ ఉచిత నీళ్ల సంగతి కస్టమర్లకు కనిపించేలా రాసి పెట్టాలని చట్టమే ఉంది. కరాఫ్ అన్న మాట బహుశా అరబీ నుంచే వెళ్లిందని నిఘంటువులు చెప్తాయి. రొట్టె కూడా భోజనంతో పాటే వస్తుంది, చేత్తో తుంచుకుని తినడమే అక్కడి అదబ్, మనలాగే. టిప్పు కోసం కంగారు పడక్కర్లేదు. 1987 నుంచి జాబితాలోని ధరలోనే సర్వీసు కలిపి చూపించాలన్నది నియమం. నచ్చితే కొన్ని నాణేలు వదిలి రావచ్చు, అది మీ ఖుషీ.

మనకు అసలు ఫికర్ హలాల్ కదా. పందిమాంసం లేదు అన్నంత మాత్రాన హలాల్ అయిపోదు. చేపల సాస్‌లో వైట్ వైన్, సలాడ్‌లో లార్దోఁ పేరుతో పంది ముక్కలు, మీఠాలో జెలటిన్ లేదా రమ్ము ఉండొచ్చు. సిగ్గుపడకుండా అడగాలి. బోఁజూర్‌తో మొదలుపెట్టి అడిగితే చాలాచోట్ల వంటగదిలోకి వెళ్లి కనుక్కుని మరీ చెప్పారు. నిశ్చింతగా తినాలనుకున్న రోజు పారిస్ పెద్ద మస్జిద్‌కు వెళ్లాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కోసం ప్రాణాలిచ్చిన ముస్లిం సిపాయిల యాద్‌గార్‌గా కట్టి, 1926లో తెరిచారు. దాని పక్కనే రెస్టారెంట్ ఉంది, కుస్‌కుస్, పుదీనా చాయ్ దొరుకుతాయి. అక్కడ కూర్చుంటే మన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్ గుర్తొచ్చారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, 1948 తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం ఈ ఊళ్లోనే బతికారు. ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి తర్జుమా చేశారు. ఆ ఊరి జుబాన్ నేర్చుకుని, ఆ జుబాన్‌లోనే తన మాట చెప్పిన మనిషి. నేను ఒక్క బోఁస్వార్ కూడా నేర్చుకోకుండా వెళ్లాను.

ఫ్రాన్స్‌లో మనపట్ల వివక్ష లేదని నేను అనడం లేదు. 2004 చట్టంతో ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లల హిజాబ్ తీయించిన దేశం అది. మా బేగం మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఆ భయానికి వజహ్ ఉంది. ఎక్కడ నిజంగా అవమానం జరుగుతోందో, ఎక్కడ రివాజు తెలియక మనమే గాయపడుతున్నామో విడదీసి చూడాలంటే రివాజు తెలియాలి. తెలియకపోతే ప్రతి మౌనమూ తౌహీన్‌లా కనిపిస్తుంది. బద్‌గుమానీ గురించి సూరె హుజురాత్‌లో హెచ్చరిక ఉందని జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నానో. అది ఇంటి గొడవల గురించే అనుకున్నాను. సఫర్‌లో దాని అవసరం ఇంకా ఎక్కువ.

తిరిగొచ్చే ముందు రోజు ముగ్గురం మళ్లీ ఆ రెస్టారెంట్‌కే వెళ్లాం. గుమ్మంలో నిలబడి బోఁస్వార్ అన్నాను. నవ్వుతూ లోపలికి పిలిచారు. నా కళ్లు ఆ వెయిటర్ కోసం వెతికాయి. బేటీ అడిగితే ఆయనకు ఆ రోజు సెలవన్నారు. మాఫీ అడగాలని బేటీ దగ్గర ఫ్రెంచిలో నేర్చుకున్న వాక్యం నా దగ్గరే ఉండిపోయింది. కౌంటర్లో ఉన్నావిడతో చెప్పి పంపాను, ఆయనకు చేరిందో లేదో అల్లాహ్‌కే తెలుసు. ముఖాముఖి చెప్పాల్సిన మాట మాత్రం బాకీగానే ఉంది.

ఆ సాయంత్రం తిన్నాక గంటన్నర కూర్చున్నాం. బేటీ చదువు, నికాహ్, మా ఇంటి సంగతులు, ఎన్నాళ్లుగానో మాట్లాడుకోనివన్నీ మాట్లాడుకున్నాం. ఎవరూ మమ్మల్ని లేపలేదు. చివరికి మా బేగమే వెయిటర్ వైపు చూసి, నేర్చుకున్న ముక్కను మెల్లగా పలికింది: "లాదిసియోఁ, సిల్ వూ ప్లే."

బిల్లు వెంటనే వచ్చింది.