గ్రామీణ మత్స్యపరిశ్రమ

చెరువులలోను కుంటలలోను చేపపిల్లలను విడిచి, మేత నొసగి, పెరిగిన పిదప వలవేసి పట్టి విక్రయించు వృత్తికి మంచినీటి చేపల పెంపకమని పేరు. నదులలోను సముద్రమునందును సాగు వేటకు పట్టువాని నేర్పు ప్రధానము కాగా, పెంపకమునకు విత్తనము (చేపపిల్లలు), నీరు, ఆ నీటిపై హక్కు అను మూడును ప్రధానములు. ఈ మూడును సామాన్యునకు లభించిన తీరును, లభింపని తావులను తెలుపునదే దీని చరిత్ర.

ప్రాచీనత: సేతువులలోని, అనగా కట్టలు కట్టిన జలాశయములలోని, మత్స్యములపై స్వామ్యము రాజునకే చెందవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు చేపల జాతులును వానికి వేయవలసిన మేతలును వర్ణింపబడినవి. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులు వ్యవసాయమునకై నిర్మితములైనవే యైనను, అట్టి జలాశయముల నాశ్రయించి బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు తరతరములుగా జీవించుచు వచ్చిరి.

విత్తనము: దేశీయ చేపజాతులలో బొచ్చె పైనీటను, శీలావతి నడిమినీటను, మోసు అడుగునను మేత వెదకికొనును గనుక, ఈ మూడింటిని కలిపి పెంచినచో ఒకదాని మేతకు వేరొకటి అడ్డురాక చెరువునందలి ఆహారమంతయు వినియోగపడును. అయితే ఇవి వరదనీరు పారు నదులలో గ్రుడ్లు పెట్టునే కాని నిలువనీట పెట్టవు. అందుచే వానకాలమున నదులలో పిల్లలను పట్టి, కుండలలో దూరప్రాంతములకు పంపవలసివచ్చెడిది. ఇతర చేపలను మ్రింగు జాతుల పిల్లలును వానిలో కలిసియుండెడివి. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌నందు హీరాలాల్ చౌధురి, అలీకున్హి అను శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి సారమును చేపలకు సూదిద్వారా ఎక్కించి, చెరువునీటియందే గ్రుడ్లు పెట్టించి కృతార్థులైరి. నాటినుండి విత్తనము నదీతీరమును వీడి రైతు ముంగిటికి చేరు మార్గమేర్పడినది.

విస్తరణ: 1971లో ఆరంభమైన అఖిల భారత పరిశోధన పథకము దేశీయ జాతులతోపాటు బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేపలను కలిపి పెంచు పద్ధతిని ప్రచారము చేసినది. 1973–74 నుండి మత్స్యరైతుల అభివృద్ధి సంస్థలు చెరువుల కౌలునకును, శిక్షణకును, ఋణములకును తోడ్పడినవి. తవుడు, వేరుసెనగ చెక్క, పేడ వంటి గ్రామసులభ వస్తువులతోనే చెరువు సాగును గనుక, చిన్నరైతుకు పంటతోపాటు మరియొక రాబడియు, వల లాగువారికిని, విత్తనము పెంచువారికిని, సంతలో చేపలమ్ము స్త్రీలకును పనియు లభించినవి.

కొల్లేరు: కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ సరస్సులో 1970వ దశకమున స్థానికుల సహకార సంఘములు చేపల చెరువులను త్రవ్వినవి. కాలక్రమమున వానిలో ననేకములు ధనికుల కౌలులోనికి పోయినవి; గట్లు పెరిగి నీటి పారుదల కుంటుపడినది. 1999లో ఇది అభయారణ్యముగా ప్రకటింపబడగా, 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లను ప్రభుత్వము తెంపివేసినది.

తెలంగాణమున 2016 నుండి ప్రభుత్వము చెరువులకు ఉచితముగా చేపపిల్లలను సరఫరా చేయ నారంభించినది. విత్తనపు కొరతను శాస్త్రము తీర్చినది. నీటిపై హక్కు మాత్రము శాస్త్రము తీర్పగలది కాదు. గ్రామపు చెరువును దానిపై బ్రతుకువారి సంఘమునకే దీర్ఘకాలపు కౌలునకు ఇచ్చి, ఆ కౌలు పరుల చేజిక్కకుండ కాపాడినప్పుడే ఈ పరిశ్రమ పేదవానికి అన్నము పెట్టగలదు.