లిలో నుంచి గ్రబ్ దాకా: 446 బైట్ల కథ

కెర్నెల్ అప్‌గ్రేడ్ చేసి రీబూట్ కొడితే, నల్లటి తెర మీద "ఎల్‌ఐ" అని రెండక్షరాలు మాత్రం వచ్చి అక్కడే ఆగిపోయింది. తొంభైల్లో లినక్సు వాడినవాళ్ళకి ఈ దృశ్యం బాగా పరిచయం. గుండె జారిపోయేది గానీ, రోగం పేరు ఆ అక్షరాల్లోనే ఉండేది. అదెలాగో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పాతతరం పీసీ ఆన్ చేయగానే బయాస్ హార్డ్‌డిస్కులోని మొట్టమొదటి సెక్టారుని మెమొరీలోకి తెచ్చి, పగ్గాలు దానికి అప్పగించి తప్పుకుంటుంది. ఆ సెక్టారు మొత్తం 512 బైట్లు. పార్టిషన్ల పట్టికకి 64, చివర గుర్తుకి 2 పోగా ప్రోగ్రాముకి మిగిలేది 446. అంత ఇరుకులో ఫైల్‌సిస్టమ్‌ని చదివే కోడు పట్టదు. మరి కెర్నెల్ ఫైలు డిస్కులో ఎక్కడుందో తెలిసేదెలా?

వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ తొంభైల మొదట్లో రాసిన లిలో దీనికో సులువైన దారి పట్టింది. కెర్నెల్ ఏయే సెక్టార్లలో ఉందో ముందే ఒక పట్టిక రాసి పెట్టుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఫైలు పేరుతో పనేలేదు. ఊళ్ళోకొచ్చిన కొత్త పోస్ట్‌మాన్‌కి పేర్లు చెప్పకుండా "కుడివైపు నాలుగో గుమ్మం" అని చీటీ రాసిచ్చినట్టన్నమాట. ఎవరైనా ఇల్లు మారారో, ఉత్తరం గల్లంతే!

కెర్నెల్ అప్‌గ్రేడ్ అంటే ఇల్లు మారడమే. కొత్త కెర్నెల్‌కి పాత పేరే పెట్టినా అది వేరే సెక్టార్లలో కూర్చుంటుంది. అందుకే ప్రతిసారీ లిలో కమాండు మళ్ళీ నడపాలి. నడపకపోతే ఒక్కోసారి ఇంకో తమాషా జరిగేది. పాత సెక్టార్లని ఇంకా ఎవరూ ఆక్రమించకపోతే పాత కెర్నెలే లేచొచ్చేది! కొన్నాళ్ళకి అక్కడ వేరే ఫైలు పడ్డాక మొదలయ్యేది అసలు గొడవ.

లిలో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా తన పేరులో ఒక్కో అక్షరం చూపించేది. "ఎల్" దగ్గరే ఆగితే రెండో భాగం డిస్కు నుంచి రాలేదని. "ఎల్‌ఐ" అయితే వచ్చింది గానీ నడవలేదని. "ఎల్‌ఐఎల్" అయితే పట్టిక అందలేదని.

దీనికి తోడు 1024 సిలిండర్ల హద్దొకటి. పాత బయాస్ కాల్స్‌కి ఆ హద్దు దాటి, అంటే మహా అయితే 8.4 గిగాబైట్లు దాటి, చదవడం చేతకాదు. ఇన్‌స్టాల్ చేసినరోజు చక్కగా లేచిన మెషీను అప్‌గ్రేడ్ తర్వాత మొరాయించేది. కొత్త ఫైలు హద్దుకి అవతల పడిందన్నమాట. డిస్కు మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకునే అలవాటు ఇందుకే వచ్చింది.

ఎరిక్ బోలిన్ 1995లో గ్నూ హర్డ్ కోసం మొదలుపెట్టిన గ్రబ్ పోస్ట్‌మాన్‌కి చదువు నేర్పింది. 446 బైట్లలో చిన్న ముక్క మాత్రం ఉంచి, ఫైల్‌సిస్టమ్‌ని చదివే కోడుని ఆ పక్కనున్న ఖాళీ సెక్టార్లలో పెట్టింది. ఇక మెనూ ఫైల్లో కెర్నెల్ పేరుంటే చాలు. పేరు తప్పయితే "ఎర్రర్ 15", అంటే ఫైలు దొరకలేదని. అప్పుడు కూడా అక్కడే సరైన పేరు టైపు చేసి బూట్ చేసుకోవచ్చు. 1999లో ఇది గ్నూ ప్రాజెక్టులో చేరింది.

అయినా చిరునామాల బాధ తీరలేదు. 2007లో ఫెడోరా 7తో హెచ్‌డీఏ అనే డిస్కు ఎస్‌డీఏ అయి కూర్చుంది. పాత పేర్లు నమ్ముకున్న మెషీన్లలో కెర్నెల్ లేచినా రూట్ పార్టిషన్ దొరక్క చతికిలబడేది. డిస్కు పేరు మారినా తను మారని యూయూఐడీ వాడకం ఇందుకే పెరిగింది. 2009లో ఉబుంటు గ్రబ్ 2కి మారింది. 2015తో లిలో అభివృద్ధి ఆగిపోయింది. ఇప్పటి యూఈఎఫ్ఐ మెషీన్లలో ఫర్మ్‌వేరే ఫైళ్ళు చదువుతుంది, 446 బైట్ల ఇరుకు లేదు.

ఈ కథంతా ఎందుకంటే, ఇవాళ మీ మెషీను మొరాయించినా అడగాల్సిన ప్రశ్న అదే: ఎవరు, ఎవరి చిరునామా వెతుకుతూ ఆగిపోయారు? గ్రబ్ ప్రాంప్ట్ దగ్గరే ఆగితే గ్రబ్‌కి తన ఫైళ్ళో, మెనూనో దొరకలేదు. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాలేదంటే బూట్‌లోడర్ తన పని ముగించినట్టే, ఇక చూడాల్సింది యూయూఐడీని, ఇనిట్‌ఆర్‌డీని.

ఒకటి మాత్రం మరవకండి. కొత్త కెర్నెల్ సరిగ్గా లేచేదాకా పాతదాన్ని తీసేయొద్దు. కొత్తింట్లో పాలు పొంగించకుండా పాతింటి తాళంచెవి ఎవరైనా ఇచ్చేస్తారా!