వగరు

తెనాలికి లంక గ్రామాల నుంచి వచ్చే పచ్చి అరటికాయ తరిగితే జిగురంటి వేళ్ళు నల్లబడతాయి. ముక్కల్ని వెంటనే మజ్జిగ నీళ్ళలో వేస్తారు. ఆ కాయ రుచే వగరు. ఒగరు అని కూడా అంటాం, కన్నడంలోనూ ఒగరే. సంస్కృతంలో దీని పేరు కషాయం, తెలుగులో ఆ మాట కాచిన మందుకు స్థిరపడింది. ఉగాది పచ్చడిలో వగరు వాటా లేత మామిడికాయది.

బెంగళూరు దగ్గర నంది కొండల ప్రాంతంలో గ్రోవర్ తోటల ఎర్ర వైన్ ‘లా రిజర్వ్’ రుచి చూసినప్పుడు నాకు అక్కరకొచ్చిన మాట ఇదే. కాబర్నే, షిరాజ్ ద్రాక్షలతో చేస్తారు. ఎర్ర వైన్‌లో తొక్కలూ గింజలూ రసంతోపాటే నాని పులుస్తాయి. వాటిలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తాయి, నోరు పిడచకట్టినట్టవుతుంది. కొత్తవాళ్ళు దీన్ని చేదంటారు. కాదు, చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నోరంతా తగిలే స్పర్శ. గుక్క మింగి, పై పెదవి లోపల నాలుకతో తడమండి. గరుకుగా తగిలిందా? అదే. మంచి వైన్‌లో ఆ గరుకు నెమ్మదిగా కరిగి, పండు వాసన మిగులుతుంది.

గొడ్డుకారం పక్కన మాత్రం వద్దు, మంట రెట్టింపవుతుంది. కారం తగ్గించి వండిన, కొవ్వున్న వేటమాంసం అయితే వగరు మెత్తబడుతుంది. మన ఎండలకు సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయొచ్చు. మరీ చల్లబడితే వగరే పైకి తేలుతుంది.