పీట్ మంట, పిల్లి, అల్లిక సూదులు: షెట్లాండ్ మామ్మల చలికాలం లెక్క

ఇది పొడుగు పోస్టు. షిఫ్టు దిగి, అన్నం తిని, కాళ్లు చాపుకుని చదవండి. కువైట్లో, మలేషియాలో ఉన్న మనవాళ్లు "మాకెందుకురా ఈ చలి గొడవ" అనుకోకండి. ఇందులో జీతం లెక్క కూడా ఉంది.

మేం ముగ్గురం పశ్చిమ గోదావరి వాళ్లం, ఒకే ఇంట్లో అద్దెకుంటాం. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకి వీసా ఇవ్వడం మొదలుపెట్టింది కదా, ఆ ఏడాది చివర్లోనే దిగాం. పని దొరికింది షెట్లాండ్లో. మ్యాపులో స్కాట్లాండ్ పైన చుక్కల్లా కనిపించే ద్వీపాలు అవే. అబర్దీన్లో సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లారి లెర్విక్లో దిగుతాం. డిసెంబరు నడిమధ్యన పగలు ఆరు గంటలు కూడా ఉండదు. చుట్టూ సముద్రం కాబట్టి కెనడాలోలా మైనస్ ముప్పై పడదు, నిజమే. ఇక్కడ మనిషిని కొట్టేది గాలి. తడి మంచుతో కలిసి వచ్చే ఆ గాలికి చెట్టన్నది నిలవదు, ఊళ్లకి ఊళ్లు బోడిగా ఉంటాయి.

మేం వచ్చిన మొదటి డిసెంబరులోనే, 2022లో, తీగల మీద మంచు పేరుకుని కరెంటు లైన్లు తెగిపోయాయి. వేల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. మా వంతుకి వచ్చిన ఇళ్లలో ఒక మామ్మ ఇల్లుంది, తొంభైకి దగ్గర పడ్డ మనిషి, ఒంటరిగా ఉంటుంది. హీటర్ లేకుండా ఎలా ఉందో అని భయపడుతూ, మంచులో పడుతూ లేస్తూ వెళ్లాం. తలుపు తీసేసరికి ఇల్లు వెచ్చగా ఉంది. పొయ్యిలో పీట్ కణకణలాడుతోంది. మామ్మ ఒళ్లో పిల్లి, కాళ్ల దగ్గర ముసలి గొర్రెల కుక్క, చేతుల్లో ఉన్ని అల్లిక. దీపం కూడా లేదు. సూదుల వైపు చూడకుండానే అల్లేస్తోంది. మేమే చలికి వణుకుతూ ఆవిడ పెట్టిన టీ తాగాం. ఎవరు ఎవరికి కేర్ ఇచ్చారో మీరే చెప్పండి.

ఆ రోజు ముగ్గురం అనుకున్న మాట ఒకటే: ఎంత హాయైన బతుకురా! ఫోటో తీసి ఇంటికి పంపితే అందరూ అదే అన్నారు. ఆ హాయి వెనక ఏముందో తర్వాత రెండు చలికాలాల్లో మామ్మ నోటా, లెర్విక్ మ్యూజియంలోనూ, లైబ్రరీ పుస్తకాల్లోనూ తెలుసుకున్నాం. అదే రాస్తున్నాం.

ముందు పీట్ సంగతి. బురద నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని నల్లబడ్డ నాచూ గడ్డీ అది. మే నెలలో ఇటుకల్లా కోస్తారు, వేసవంతా ఆరబెడతారు, ఇంటి పక్కన గూడు కడతారు. అచ్చం మన పిడకల గూడే. పాతరోజుల్లో దాన్ని కొండ మీంచి ఇంటికి చేర్చేది ఆడవాళ్లు. వీపున కిషీ అనే గడ్డిబుట్ట, అందులో పీట్ బరువు. బుట్ట తాడు ఛాతీ మీంచి ఉంటుంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. ఖాళీ చేతుల్ని ఊరికే ఉంచేవాళ్లు కాదు, నడుస్తూనే మేజోళ్లు అల్లేవాళ్లు. అలాంటి పాత ఫోటోలు మ్యూజియంలో చూశాం. నడుముకి తోలు పట్టీ ఉంటుంది, దాని మెత్తలో గుర్రపు వెంట్రుకలు కూరి పైన చిల్లులు పెడతారు. సూది ఒక కొన ఆ చిల్లులో గుచ్చితే ఒక చెయ్యి తేలికపడి పని పరుగెడుతుంది. మామ్మ నడుముకి ఇప్పటికీ అదే పట్టీ. అల్లికని ఇక్కడి భాషలో మాకిన్ అంటారు, అంటే "చెయ్యడం". వేరే పేరు అక్కర్లేకపోయింది. చెయ్యడం అంటేనే అల్లడం.

150 ఏళ్ల కిందటి ఇల్లు ఎలా ఉండేదో తెలియాలంటే దక్షిణాన బాడమ్ అనే ఊళ్లో ఒక పాత ఇంటిని మ్యూజియంగా ఉంచారు, అది చూడాలి. రాతి గోడలు, గడ్డి కప్పు, చిన్న కిటికీ. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది, లోపలి నుంచే దారి. గాలివానలో ఆవుకి మేత వెయ్యడానికి బయటికి పోనక్కర్లేదు. దీపం చేప నూనెతో, ఇనప ప్రమిదలో. కుక్క గొర్రెల పని చేసేది, పిల్లి గింజల దగ్గర ఎలకల పని చూసేది. ముద్దుకి పెంచుకోవడం అంటూ విడిగా ఏమీ లేదనుకున్నాం. కానీ క్యాడీ అనే మాట విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాం. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లని పొయ్యి దగ్గర ఉంచి పాలు పట్టి పెంచితే దాన్ని క్యాడీ అంటారు. ఇక్కడ గొర్రెలు ఈనేది ఏప్రిల్, మే నెలల్లో. చలికాలానికి అది బాగా ఎదిగిపోయి, అయినా పాత అలవాటు పోక, తలుపు దగ్గరకొచ్చి తలతో కొడుతుందట. మామ్మ చిన్నప్పటి క్యాడీ ఆవిడ అల్లుతున్న మేజోడు నమిలేసిందని, ఆ రోజు అమ్మ చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పింది. ఒక మేజోడుకి దెబ్బలేంటి మామ్మా అంటే, "అది మేజోడు కాదు, మా ఇంటి పిండి" అంది.

ఆ మాటే మమ్మల్ని లైబ్రరీకి పంపింది.

షెట్లాండ్ మగవాళ్లు చేపల వేటకీ, తిమింగలాల వేటకీ, వ్యాపార ఓడల్లో పనికీ పోయేవాళ్లు. వెళ్లినవాళ్లందరూ తిరిగి రాలేదు. 1881 జులైలో గ్లూప్ అనే ఊరి దగ్గర తుఫానులో ఒక్కసారే 10 పడవలు పోయాయి, 58 మంది చనిపోయారు. ఇంటి దగ్గర ఉండిపోయిన ఆడవాళ్లకి చిన్న పొలం, ఆవు, నాలుగు గొర్రెలు, సూదులు. మన ఊళ్లలో గల్ఫ్‌కి మగవాళ్లు పోయిన వీధులు గుర్తొచ్చాయి మాకు. ఉన్నిని వేసవిలో గొర్రె ఒంటి మీంచి చేత్తోనే పీకేవాళ్లు, ఆ కాలానికి అది దానంతటదే వదులవుతుంది. చలికాలం రాత్రుళ్లు ఒక ఇంట్లో చేరి ఉన్ని దువ్వేవాళ్లు. పనయ్యాక ఫిడేలు, ఆట. ఇది మాత్రం నిజంగా హాయే, కాదనం. పది ఇళ్లలో పది మంటల బదులు ఒక మంట, పైగా కబుర్లు.

ఉన్స్ట్ ద్వీపంలో అల్లిన లేసు శాలువాలు ఎంత సన్నమంటే పెళ్లి ఉంగరంలోంచి లాగేయొచ్చు. విక్టోరియా రాణికి షెట్లాండ్ అల్లికలు బహుమతిగా పంపింది లెర్విక్లో పుట్టిన ఆర్థర్ ఆండర్సన్. పి అండ్ ఓ ఓడల కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు. ఆ కంపెనీ ఓడలే తర్వాత ఇండియాకి తపాలా, తెల్లదొరల్ని మోశాయి. రాణి వేసుకున్నాక లండన్లో గిరాకీ పెరిగింది. 1920లలో ఫెయిర్ ఐల్ రంగుల స్వెట్టర్‌ని యువరాజు వేసుకున్నాక దానికీ అంతే.

మరి అల్లినవాళ్లకి ఏం ముట్టింది? టీ పొడి.

నిజంగానే. ఆ పద్ధతిని ట్రక్ అనేవాళ్లు. లారీ కాదండోయ్, సరుకు మార్పిడి అని అర్థం. శాలువా తీసుకెళ్లి లెర్విక్లో షావుకారుకిస్తే డబ్బులు చేతిలో పెట్టడు. కొట్లో ఉన్న టీ, బట్టలు తీసుకోమంటాడు. ఇప్పుడు వద్దంటే చీటీ రాసిస్తాడు, అది మళ్లీ ఆ కొట్లోనే చెల్లుతుంది. డబ్బే కావాలంటే తక్కువ కడతాడు. ఇంట్లో కావాల్సింది పిండి, షావుకారు ఇచ్చేది టీ. ఆ టీని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి, పిండో బంగాళాదుంపలో తెచ్చుకునేవాళ్లు. మంచి బట్ట ఒంటి మీద ఉండి కడుపులో ఏమీ లేని ఆడపిల్లలు ఉండేవాళ్లంటే అందుకే. 1872లో విలియం గత్రీ అనే ప్రభుత్వ కమిషనర్ ఇక్కడికొచ్చి అల్లేవాళ్లనీ, షావుకార్లనీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగి అదంతా రాయించాడు. అల్లిక ఆడవాళ్లు తమ పేరుతో, తమ నోటితో చెప్పిన సాక్ష్యం అలా అచ్చయి మిగిలింది. షావుకారు కొట్లోనే అప్పుండి కూడా అతని మీద చెప్పడానికి వచ్చారు చూడండి, ఆ ధైర్యం మాలో ఎందరికుందో మేం చెప్పలేం.

జీతం సరుకుగా ఇవ్వకూడదని 1831 నుంచే బ్రిటన్లో చట్టం ఉంది. కానీ ఇంట్లో కూర్చుని అల్లి అమ్ముకునే ఆవిడ పనివాళ్ల లెక్కలోకి రాదన్నారు. ఇంటి అల్లికని కూడా చట్టంలోకి తెచ్చింది 1887లో. అయినా అలవాటు పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది సైనికులు వచ్చి స్వెట్టర్లనీ చేతి తొడుగుల్నీ రొక్కమిచ్చి కొన్నాక గానీ చాలా ఇళ్లకి డబ్బు రుచి తెలీలేదు. తర్వాత 1970లలో చమురు దొరికింది, ఆడవాళ్లకి జీతం ఉద్యోగాలు వచ్చాయి, సూదులు పక్కకెళ్లాయి.

వీసా ఒకరి చేతిలో, గది అద్దె అదే చేతిలో, వ్యాను ఖర్చు జీతంలోంచి కోత. ఇలాంటివి మనలో చాలామంది చూసినవే. మేం కూడా ఇంతకుముందు ఒకచోట చూశాం, పేరెందుకు. కాబట్టి ఆ చీటీ సంగతి మాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

మాకు ఇంకో కారణం కూడా ఉంది. మా నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లలో అరుగు మీద కూర్చుని లేసు అల్లే అమ్మలు ఎంతమందో మీకు తెలుసు. ఆ విద్య 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. ఏజెంటు దారం ఇస్తాడు, దారం లెక్కన కూలి, సరుకు పోయేది విదేశాలకి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మన నరసాపురం లేసు మీదే పుస్తకం రాసింది, 1982లో వచ్చింది. ఆవిడ పట్టుకున్న సంగతి ఇది: వీళ్లు "ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు", లేసు వాళ్లకి "కాలక్షేపం" అన్న పేరు పెట్టబట్టే అంత తక్కువ కూలి సాగింది. ఎండకి వేపచెట్టు కింద, చలికి పీట్ పొయ్యి పక్కన, అదే కాలక్షేపం.

ఈ జనవరిలో మళ్లీ మంచు పడ్డ రోజు మామ్మకి మాలో ఒకరి అమ్మని వీడియోలో చూపించాం. మధ్యలో మేం మాటలు తిప్పి చెప్తున్నాం. ఇద్దరికీ మా అవసరం తొందరగానే తీరిపోయింది. అమ్మ కొక్కెం సూది చూపించింది, మామ్మ నడుము పట్టీ చూపించింది, పిల్లి ఫోను ముందుకొచ్చి కూర్చుంది. అమ్మ లేసు అంచుని కెమెరాకి దగ్గరగా పెడితే మామ్మ కళ్లద్దాలు సరిచేసుకుని కుట్లు లెక్కపెట్టింది. టీ పొడి కథ మొత్తం చెప్పాం అమ్మకి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది:

"అయితే ఒక శాలువాకి ఎంత పొడి ఇచ్చేవాడంట్రా? మళ్లీ అమ్మితే సగమైనా వచ్చేదా, అడుగు."