బ్రాకెట్లో ఎవరి పేరు? రాక్ బ్యాండ్ల కవర్ పాటల వెనుక అసలు గొంతులను వెతకడం

1963లో వచ్చిన బీటిల్స్ మొదటి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో 14 పాటలున్నాయి. వాటిలో ఆరు వాళ్ళు రాసుకున్నవి కావు. ఆ ఆరింటినీ అంతకు ముందే అమెరికాలోని నల్లజాతి గాయకులు రికార్డు చేశారు. మరుసటి ఏడాది వచ్చిన రోలింగ్ స్టోన్స్ మొదటి ఆల్బమ్‌లో 12 పాటలుంటే తొమ్మిది కవర్లే. ఆ బ్యాండ్ పేరు కూడా మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచి తీసుకున్నదే.

ఈ పాటలు మొదట ఎవరు పాడారో వెతకడం చాలామందికి సరదా వ్యాపకం. మేము దాన్ని సాక్ష్యాలు పోగుచేసే పనిగా చూస్తున్నాం. ఎందుకంటే పాట పేరు కింద బ్రాకెట్లో అచ్చయిన పేరుకే డబ్బు వెళ్తుంది. ఆ పేరు తప్పయితే పాట పుట్టించిన మనిషి చేతికి పైసా రాదు. అలాంటి తప్పులు ఎలా జరిగాయి, వాటిని ఎలా పట్టుకోవచ్చు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

కవర్ పాటకు చట్టం ఏం చెప్పింది

అమెరికా 1909 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాట ఒకసారి హక్కుదారు అనుమతితో రికార్డయితే, ఆ తర్వాత ఎవరైనా దాన్ని మళ్ళీ పాడి అమ్ముకోవచ్చు. కాపీకి రెండు సెంట్ల చొప్పున హక్కుదారుకు కడితే చాలు. ఈ రెండు సెంట్ల రేటు 1978 వరకూ మారలేదు. ఆ డబ్బు రచయితకు, పబ్లిషర్‌కు వెళ్తుంది. మొదట పాడిన గొంతుకు, వాయించిన చేతులకు అందులో వాటా లేదు. అసలు సౌండ్ రికార్డింగ్‌కే ఆ దేశపు ఫెడరల్ కాపీరైట్ రక్షణ 1972లో గానీ రాలేదు. అంటే 1950లలో ఒక నల్లజాతి గాయని పాడిన తీరును, వాద్యాల అమరికను మక్కీకి మక్కీ దించుకున్నా ఫెడరల్ కాపీరైట్ చట్టం ఆమెకు అండగా నిలవలేదు. లావెర్న్ బేకర్ పాడిన ‘ట్వీడిల్ డీ’ని 1955లో జార్జియా గిబ్స్ అలాగే దించినప్పుడు, బేకర్ తన ప్రతినిధుల సభ సభ్యుడికి లేఖ రాసి రక్షణ కోరింది. చట్టం మాత్రం మారలేదు.

దీనికి మార్కెట్‌లోని వర్ణ విభజన తోడైంది. నల్లజాతి గాయకుల రికార్డులను ‘రేస్ రికార్డులు’ అన్న పేరుతో విడిగా అమ్మేవారు. బిల్‌బోర్డ్ పత్రిక తన చార్టుకు ఆ పేరు తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది 1949లోనే. పేరు మారినా గోడ అలాగే ఉంది. లిటిల్ రిచర్డ్ ‘టుటీ ఫ్రూటీ’ పాప్ చార్టులో 17వ స్థానం దాకా వెళ్తే, అదే పాటకు శ్వేతజాతి గాయకుడు పాట్ బూన్ కవర్ 12వ స్థానానికి వెళ్ళింది. 1954లో ‘ష్-బూమ్’ను కార్డ్స్ అనే నల్లజాతి బృందం రాసి పాడింది. నంబర్ వన్ అయింది మాత్రం కెనడా శ్వేతజాతి బృందం క్రూ-కట్స్ పాడిన కవర్.

మొదటి అడుగు: ముగ్గురిని విడదీయడం

‘అసలు పాట’ అనే మాటలో ముగ్గురు కలిసిపోయి ఉంటారు: రాసినవారు, మొదట రికార్డు చేసినవారు, పేరు తెచ్చినవారు. వెతుకులాట మొదలుపెట్టేటప్పుడే ఈ మూడు గళ్ళు గీసుకోవాలి.

‘హౌండ్ డాగ్’ తీసుకోండి. రాసినవాళ్ళు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్ళు. 1952లో రికార్డు చేసింది బిగ్ మామా థార్న్‌టన్. మరుసటి ఏడాది ఆమె పాట ఆర్ అండ్ బీ చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడింది నేరుగా ఆమె రూపాన్ని కాదు. ఫ్రెడీ బెల్ అండ్ ది బెల్‌బాయ్స్ అనే బ్యాండ్ లాస్ వేగస్‌లో మాటలు మార్చి పాడుతున్న రూపాన్ని. తనకు ఆ పాట మీద ముట్టింది ఒకే ఒక్క 500 డాలర్ల చెక్కు అని థార్న్‌టన్ చెప్పేది.

‘ట్విస్ట్ అండ్ షౌట్’దీ ఇలాంటి గొలుసే. చాలామంది బీటిల్స్ పాట అనుకుంటారు. కాస్త తెలిసినవాళ్ళు 1962 నాటి ఐస్లీ బ్రదర్స్ పేరు చెప్తారు. దానికీ ముందు 1961లో టాప్ నోట్స్ అనే బృందం రికార్డు చేసింది. బీటిల్స్ అనుసరించింది మాత్రం ఐస్లీ బ్రదర్స్‌నే. కాబట్టి ‘మొదటి రికార్డు’ వేరు, ‘కవర్‌కు మూలమైన రికార్డు’ వేరు. రెండూ రాసుకోవాలి.

రెండో అడుగు: తేదీలు, కాగితాలు

విడుదల తేదీ కంటే రికార్డు చేసిన తేదీ ముఖ్యం. ఒక్కోసారి ఈ రెంటి మధ్య నెలలు, ఏళ్ళు గడుస్తాయి. పాత రికార్డుల మీద, లేబుల్ పక్కన నల్లటి భాగంలో గీకిన మ్యాట్రిక్స్ నంబరు ఉంటుంది. అది ఏ సెషన్‌లో తయారైందో తెలియడానికి అదే ఆధారం. 1943కు ముందరి నల్లజాతి సంగీతానికి డిక్సన్, గాడ్రిచ్, రై కూర్చిన ‘బ్లూస్ అండ్ గాస్పెల్ రికార్డ్స్’ ప్రామాణిక గ్రంథం. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల జాబితా ఆన్‌లైన్‌లో ఉచితం. సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్, డిస్కాగ్స్ వంటి సైట్లు దారి చూపిస్తాయి. అవి వాడుకరులు నింపేవి కాబట్టి లేబుల్ ఫోటోతో సరిచూసుకోవాలి.

అమెరికా కాపీరైట్ కార్యాలయపు రిజిస్ట్రేషన్ కాగితాలు అన్నిటికంటే ఎక్కువ చెప్తాయి. బీటిల్స్ పాడిన ‘మనీ’ని 1959లో మొదట పాడింది బారెట్ స్ట్రాంగ్. రచయితల్లో ఆయన పేరు కూడా మొదట నమోదైంది. మూడేళ్ళకు కొట్టేశారు. 1987లో తిరిగి చేర్చారు. మరుసటి ఏడాది మళ్ళీ కొట్టేశారు. మొదట రాయడమే గుమాస్తా పొరపాటని అవతలి పక్షం వాదన. పాటను తయారుచేయడంలో తన చెయ్యి ఉందని స్ట్రాంగ్ వాదన. ఈ రాతలూ కొట్టివేతలూ ఏ రికార్డు అట్ట మీదా కనపడవు, రిజిస్టర్లోనే దొరుకుతాయి.

మూడో అడుగు: పేరు ఎక్కడ మారింది?

రోలింగ్ స్టోన్స్ 1968 ఆల్బమ్ ‘బెగ్గర్స్ బాంకెట్’ మొదటి ప్రతుల మీద ‘ప్రాడిగల్ సన్’ రాసింది జాగర్, రిచర్డ్స్ అని ఉంది. అది రాబర్ట్ విల్కిన్స్ 1929లో వేరే పేరుతో రికార్డు చేసిన పాట. ఆయన తర్వాత పాస్టర్ అయి, దాన్నే బైబిల్ కథగా మార్చుకుని పాడారు. పేరును తర్వాతి ప్రతుల్లో సరిదిద్దారు.

లెడ్ జెప్పెలిన్ 1969 పాట ‘హోల్ లాటా లవ్’ది ఇంకా పొడవైన దారి. విల్లీ డిక్సన్ రాసిన పాటను మడ్డీ వాటర్స్ 1962లో పాడారు. 1966లో స్మాల్ ఫేసెస్ అనే ఇంగ్లీషు బ్యాండ్ దాన్ని తమ పేరుతో వేసుకుంది. మూడేళ్ళకు లెడ్ జెప్పెలిన్ తమ పేరుతో వేసుకుంది. డిక్సన్ 1985లో దావా వేశారు, 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట మీద ఆయన పేరు ఉంది. రాయల్టీలు అందని బ్లూస్ కళాకారుల కోసం ఆయన పెట్టిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ ఇవాళ చికాగోలో, పాత చెస్ రికార్డ్స్ భవనంలోనే నడుస్తోంది.

పేరు తీసేయడమే కాదు, అక్కర్లేని పేరు చేర్చడం కూడా ఉంది. చక్ బెర్రీ 1955 పాట ‘మేబెలీన్’ మీద రేడియో ప్రయోక్త అలన్ ఫ్రీడ్ పేరు సహరచయితగా చేరింది. రేడియోలో పాట వేయడానికి అదొక ప్రతిఫలం. ఆ పేరు తొలగడానికి 1986 దాకా పట్టింది.

‘సంప్రదాయం’ అన్న ముద్ర

యానిమల్స్ బ్యాండ్ 1964లో పాడిన ‘ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ లేబుల్ మీద ‘సంప్రదాయ గీతం, కూర్పు అలన్ ప్రైస్’ అని ఉంది. బ్యాండ్‌లో ఐదుగురు ఉన్నా పేరు ఒక్కరిదే కాబట్టి కూర్పు రాయల్టీ ఆ ఒక్కరికే వెళ్ళింది. వెనక్కి వెళ్తే, దొరికినంతలో పాత రికార్డు 1933లో క్లారెన్స్ ఆష్లీ, గ్వెన్ ఫోస్టర్ చేసినది. 1937లో జానపద సేకర్త అలన్ లోమాక్స్ కెంటకీలోని మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ అనే 16 ఏళ్ళ అమ్మాయి గొంతులో దీన్ని రికార్డు చేశారు. ఆమె బొగ్గుగని కార్మికుడి కూతురు.

ఈ గొలుసులో తొలి గొంతులు పేద శ్వేతజాతివి. ‘మేబెలీన్’కు ప్రేరణ కూడా శ్వేతజాతి కంట్రీ సంగీతంలోని ‘ఐడా రెడ్’. పాటలు రెండు వైపులా ప్రయాణించాయి. అన్ని కవర్లూ దొంగతనాలు కావు. బీటిల్స్ మొదటి ఆల్బమ్ లేబుల్ మీద అసలు రచయితల పేర్లే ఉన్నాయి. 1965లో అమెరికా టీవీ కార్యక్రమానికి పిలిచినప్పుడు రోలింగ్ స్టోన్స్ తమతో పాటు హౌలిన్ వుల్ఫ్ కూడా పాడాలని పట్టుబట్టారు. అందుకే పాట మొదట ఎవరిది అన్న దగ్గరే ఆగిపోకూడదు. చేతులు మారుతున్న క్రమంలో ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు జారిపోయింది అన్నది చూడాలి.

చివరి అడుగు: డబ్బు ఎటు వెళ్ళింది

ఆర్థర్ క్రుడప్ 1946లో పాడిన ‘దట్స్ ఆల్ రైట్’తోనే 1954లో ఎల్విస్ ప్రయాణం మొదలైంది. క్రుడప్ మాత్రం కూలి పని చేసుకుని బతికారు. 1970ల మొదట్లో 60,000 డాలర్ల ఒప్పందం సంతకాల దాకా వచ్చి, పబ్లిషర్ వెనక్కి తగ్గడంతో ఆగిపోయింది. 1974లో ఆయన చనిపోయారు.

రిచర్డ్ బెర్రీ కథ ఇంకోలా ముగిసింది. 1957లో ఆయన రాసి పాడిన ‘లూయీ లూయీ’ హక్కులను పెళ్ళి ఖర్చుల కోసం 750 డాలర్లకు అమ్ముకున్నారు. 1963లో కింగ్స్‌మెన్ బ్యాండ్ కవర్‌తో అది అమెరికా అంతా మోగింది. 1980ల మధ్య నాటికి బెర్రీ లాస్ ఏంజెలెస్‌లో తల్లి ఇంట్లో, ప్రభుత్వ సాయం మీద బతుకుతున్నారు. ఒక పానీయం ప్రకటనకు ఆయన సంతకం అవసరమై వెతుక్కుంటూ వచ్చారు. అలా లాయర్లు కదిలి, పాట మీద ఆయన హక్కులు కొంత తిరిగి వచ్చాయి. మొదటి రికార్డు మీద ఆయన పేరు అచ్చయి ఉంది.

మన దగ్గర

బ్లాక్ పాంథర్స్ స్ఫూర్తితో 1972లో దళిత్ పాంథర్స్ పుట్టిన నాటి నుంచీ నల్లజాతి చరిత్రను మనం మన చరిత్ర పక్కన పెట్టుకునే చదువుతున్నాం. ఈ పాటల చరిత్ర కూడా అందులో భాగమే. మన 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 31-సి సెక్షన్ ప్రకారం, పాట తొలి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు గడిస్తేనే కవర్ చేయవచ్చు. కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. అది కవర్ అని అట్ట మీద రాయాలి. ఇక్కడా ఆ డబ్బు రచన, సంగీతం హక్కుదారులది. పాట మీద రచయితగా ఎవరి పేరూ లేకపోతే కట్టించుకునే మనిషే ఉండడు.

తెలుగు సినిమా పాటల కింద, వీడియోల కింద ‘జానపదం’, ‘సేకరణ’ అన్న మాటలు మనం తరచూ చూస్తాం. నాట్లలో, కలుపులో, డప్పు దగ్గర పాట కట్టిన దళిత స్త్రీ పురుషులకు ఆ ఒక్క మాటతో పేరు లేకుండా పోతుంది. ఊళ్ళలో పాటలు రికార్డు చేసే విద్యార్థులు, కార్యకర్తలు ప్రతి పాటకూ ఇవి రాసిపెట్టుకోవాలని మా విన్నపం: పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ చరణం తాము కట్టారు, రికార్డును ఎక్కడ వాడటానికి ఒప్పుకున్నారు, డబ్బు వస్తే వాటా ఎంత. ఆ కాగితం ఒక ప్రతి పాడినవారి దగ్గర కూడా ఉండాలి.